తీగ కింద రెండు మిల్లీమీటర్లు

పదో తరగతి పరీక్షలయ్యాక కొన్న గిటారు దసరా నాటికి బీరువా ఎక్కుతుంది. ఇది ఎంత మామూలంటే, దానికి ఇంట్లోవాళ్ళు చెప్పే కారణాలు కూడా ఏ ఇంట్లో విన్నా ఒకటే. పిల్లాడికి ఓపిక లేదు. పిల్లకి వేళ్ళు సున్నితం. మాస్టారు సరిగ్గా చెప్పలేదు. ఇంటర్ మొదలైంది, ఇంక టైమెక్కడిది? గిటారును అనుమానించేవాళ్ళు మాత్రం అరుదు. కొత్తది, మెరుస్తోంది, ఆరు తీగలూ ఉన్నాయి, మీటితే మోగుతోంది. దానికేం రోగం?

రోగం తీగకీ, మెడ మీద అడ్డంగా ఉండే లోహపు మెట్టుకీ, అంటే ఫ్రెట్‌కీ, మధ్య ఉన్న సందులో ఉంటుంది. ఆ ఎత్తును వాయించేవాళ్ళు యాక్షన్ అంటారు. పన్నెండో ఫ్రెట్ దగ్గర, అంటే తీగ పొడవుకు సరిగ్గా సగంలో, ఫ్రెట్ నెత్తి నుంచి తీగ అడుగు వరకు కొలుస్తారు. స్టీలు తీగల గిటారుకి లావుపాటి ఆరో తీగ దగ్గర సుమారు 2.4 మిల్లీమీటర్లు, సన్నటి ఒకటో తీగ దగ్గర 1.7, 1.8 ఉంటే చాలామంది చేతులకు హాయి. నైలాన్ తీగల క్లాసికల్ గిటారుకి నాలుగు, మూడు దాకా ఉన్నా తప్పులేదు. నైలాన్ తీగ వదులుగా ఉండి వెడల్పుగా ఊగుతుంది కాబట్టి దానికి చోటు కావాలి. ఇక చవకలో వచ్చే స్టీలు తీగల గిటార్లు చాలావరకు కొట్లోనే మూడున్నర, నాలుగు మిల్లీమీటర్లతో వేలాడుతూ ఉంటాయి.

తేడా అంతా కలిపి ఒకటిన్నర మిల్లీమీటరు. అంతేనా అనిపిస్తుంది. కానీ మామూలు 12 నంబరు సెట్టు తీగలు శ్రుతిలో ఉన్నప్పుడు ఆరూ కలిసి లాగే బలం 70 కిలోలు దాటుతుంది. ఒక పెద్దమనిషి ఆ తీగల కొసన వేలాడుతున్నట్టే. అంత బిగువున్న తీగను అదనంగా ఇంకో మిల్లీమీటరు కిందికి వంచాలంటే పద్నాలుగేళ్ళ పిల్ల చూపుడువేలికి ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. వేలికొనలు కాయకట్టేదాకా ఎవరికైనా నొప్పి తప్పదు, నిజమే. నెల గడిచినా తగ్గని నొప్పి, ఎంత నొక్కినా టక్కుటక్కుమనే ఎఫ్ కార్డ్ మాత్రం సాధనలో లోపాలు కావు. వాటిని సాధన లోపాలని నమ్మించడం వల్లే మన బీరువాల మీద ఇన్ని గిటార్లున్నాయని నా గట్టి అభిప్రాయం.

నొప్పి ఒక్కటే అయితే ఓర్చుకోవచ్చు. ఎత్తున్న తీగను నొక్కినప్పుడు అది కాస్త సాగుతుంది, సాగితే స్వరం పైకి పోతుంది. తీగలు వదిలి మీటితే శ్రుతి చక్కగా ఉంటుంది, ట్యూనర్ పచ్చలైటు చూపిస్తుంది, కార్డ్ పట్టగానే అపశ్రుతి. పిల్లలు తమ చెవిని అనుమానించుకుంటారు. చెవి బాగానే ఉంది.

కొలవడానికి పర్సు చాలు

గిటారు బాగుచేసేవాళ్ళు సన్న గీతలున్న స్టీలు స్కేలుతో కొలుస్తారు. ఇంట్లో అది లేకపోతే డెబిట్ కార్డులు తీయండి. ప్రపంచంలో ఎక్కడి బ్యాంకు కార్డు అయినా మందం 0.76 మిల్లీమీటర్లే ఉండాలని ప్రమాణం. అంకెలు ఉబ్బెత్తుగా లేని కార్డులైతే మేలు. గిటారును శ్రుతి చేసి, వాయించేటప్పుడు పట్టుకున్నట్టే ఒళ్ళో నిలబెట్టి, పన్నెండో ఫ్రెట్ మీద ఆరో తీగ కింద కార్డులు దూర్చి చూడండి. మూడు కార్డులు తీగను కదపకుండా సరిగ్గా పడితే 2.3 మిల్లీమీటర్లు, బాగుంది. నాలుగు కార్డులు పట్టి ఇంకా ఖాళీ మిగిలితే మూడు మిల్లీమీటర్లు దాటిపోయింది, మీ అనుమానం నిజం. ఒకటో తీగ కింద రెండు కార్డులు పట్టి కాస్త సందు మిగలాలి.

అయితే ఎత్తు ఎంతో తెలిసినంత మాత్రాన అది ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. వీణ విషయంలో ఈ చిక్కు వేరు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణ చేసేవాళ్ళు 24 మెట్లనూ మైనంలో కూర్చి మేళం కడతారు. ఏ మెట్టు కాస్త లేచినా దిగినా మైనం దగ్గరే సరిచేస్తారు. గిటారుకి ఫ్రెట్లు చెక్కలోకి దిగ్గొట్టి ఉంటాయి, కదలవు. కాబట్టి తీగ ఎత్తంతా అది ఆనుకునే రెండు కొసలను బట్టి, మధ్యలో మెడ వంపును బట్టి, కింద పలక తీరును బట్టి ఉంటుంది.

తలవైపు కొసన ఉండే గాళ్ళ ముక్క నట్. చవక గిటార్లలో అసలు దొంగ తరచుగా ఇదే. మూడో ఫ్రెట్ దగ్గర తీగ నొక్కిపట్టి, మొదటి ఫ్రెట్ మీద ఎంత సందుందో చూడండి. వెంట్రుక దూరేంత ఉంటే చాలు. అక్కడ కాగితాలు నాలుగైదు దూరుతున్నాయంటే నట్ గాడి లోతు చాలలేదన్నమాట. దీనికి ఇంకో పరీక్ష ఉంది, నాకు చాలా ఇష్టమైనది. మొదటి ఫ్రెట్‌కి కేపో, అంటే తీగలన్నిటినీ ఒకేసారి నొక్కిపట్టే క్లిప్పు, బిగించి, ఎఫ్ కార్డ్ ఆకారాన్నే ఒక ఫ్రెట్ ముందుకు జరిపి పట్టండి. అంతవరకూ ఏడిపించిన కార్డ్ ఒక్కసారిగా లొంగిపోయిందంటే నేరం నట్‌దే. కేపో పెట్టగానే నట్ ఆటలోంచి తప్పుకుంటుంది కదా. ప్రతి తీగ లావుకీ తగిన సన్న ఆకురాయితో గాడిని కొద్దికొద్దిగా లోతు చేయాలి. ఒక గీత ఎక్కువైతే వదిలిన తీగ మొదటి ఫ్రెట్‌కి తగిలి జీరగా మోగుతుంది, అప్పుడు కొత్త నట్ వేయించుకోవాల్సిందే. ఇంట్లో చేసుకునే పనుల్లో దీన్ని నేను కలపను.

తర్వాతది మెడ. తీగల లాగుడికి మెడ కొద్దిగా ముందుకు వంగుతుంది. దాన్ని అదుపులో పెట్టడానికి మెడ లోపల ఒక ఇనుప కడ్డీ ఉంటుంది, ట్రస్ రాడ్. గిబ్సన్ కంపెనీలో పనిచేసిన థాడియస్ మెక్‌హ్యూ 1921లో దీనికి పేటెంటు కోసం దరఖాస్తు చేశాడు. అంత మంచి ఆలోచనను మార్టిన్ కంపెనీ 1985 దాకా ముట్టుకోలేదు, తన గిటార్లలో తిప్పడానికి వీల్లేని కడ్డీలే వేసుకుంటూ వచ్చింది. మొదటి ఫ్రెట్‌నూ పద్నాలుగో ఫ్రెట్‌నూ ఒకేసారి నొక్కితే ఆరో తీగే స్కేలు అవుతుంది; ఏడో ఫ్రెట్ దగ్గర ఆ స్కేలుకి కింద ఉన్న ఖాళీయే మెడ వంపు. రెండు జెరాక్స్ కాగితాల మందం, అంటే 0.2 మిల్లీమీటర్లు ఉంటే సరి. ఇంకా కచ్చితంగా కావాలంటే ఫీలర్ గేజ్ వాడొచ్చు. విజయవాడ ఆటోనగర్‌లో బండి ఇంజను వాల్వుల సందు చూసే మెకానిక్ దగ్గర ఉండేది అదే.

ట్రస్ రాడ్ మీద చాలామందికి ఒక భ్రమ ఉంది. యాక్షన్ తగ్గించే మీట అదేననుకుని, అలెన్ కీ పెట్టి బిగిస్తూ పోతారు. మెడ నిటారైతే తీగ కాస్త దిగుతుంది, ఆ మాట నిజమే. దాని పని మాత్రం వంపు సరిచేయడం వరకే. అదేపనిగా బిగిస్తే మెడ వెనక్కి వంగి మొదటి నాలుగైదు ఫ్రెట్లలో జీర మొదలవుతుంది, కడ్డీ మరలు అరిగితే మరమ్మతు గిటారు ఖరీదును మించుతుంది. పావు చుట్టు తిప్పడం, శ్రుతి చేయడం, చూడటం. మళ్ళీ అవసరమైతే ఇంకో పావు. గట్టిగా ఉంటే బలవంతం చేయొద్దు, తెలిసినవాడికి వదిలేయండి.

శాడిల్ అడుగున

నట్, మెడ చూశాకే శాడిల్ దగ్గరికి రావాలి. పలకకు అంటించి ఉండే చెక్క దిమ్మ, బ్రిడ్జ్, మీద గాడిలో నిలబడి తీగలను మోసే సన్న పట్టీ అది. ఎముకది మంచిది, చవక గిటార్లలో బోలు ప్లాస్టిక్‌ది ఉంటుంది. ఎత్తు తగ్గించడమంటే దీన్ని అరగదీయడమే.

సికింద్రాబాద్‌లో ఒక మేడమెట్ల కింద గిటార్లు బాగుచేసే మనిషి బల్ల దగ్గర కూర్చుంటే ఈ పని ఎలా ఉంటుందో తెలుస్తుంది. వచ్చింది తండ్రీ కూతురూ. తండ్రి గిటారు సంచి విప్పకుండానే అడిగాడు.

“అన్నా, తీగలు దించాలె. ఎంతసేపు పడ్తది?”

“ఎవరు వాయిస్తరు?”

“మా పాప.”

“ముందుగాల ఒకసారి వాయించమ్మా. చెయ్యి చూడకుండ ఎంత దించాల్నో నాకెట్ల తెలుస్తది?”

ఆ అమ్మాయి సిగ్గుపడుతూనే నాలుగు కార్డులు వాయించింది. ఆయన చూసింది ఆమె ఎడమచేతిని కాదు, కుడిచేతిని. మెల్లగా వేళ్ళతో మీటుతోంది. పిక్ పట్టి దబదబా బాదే చెయ్యి అయితే తీగలు వెడల్పుగా ఊగి ఫ్రెట్లకు తగులుతాయి, అలాంటివాళ్ళకి ఎక్కువ దించకూడదు. ఈమెకు దించవచ్చు. స్కేలు పెట్టి చూశాడు: ఆరో తీగ దగ్గర 3.4. దాన్ని 2.4కి తేవాలి. ఒక మిల్లీమీటరు తగ్గాలంటే శాడిల్‌ని రెండు మిల్లీమీటర్లు తగ్గించాలి. పన్నెండో ఫ్రెట్ తీగకు నట్టనడుమ ఉంది కాబట్టి ఒక కొస రెండు దిగితే నడుమ ఒకటే దిగుతుంది. ఈ లెక్క తెలియక, సగమే అరగదీసి తేడా రాలేదేమిటని విసుక్కునేవాళ్ళు చాలామంది.

తీగలు వదులు చేసి, బ్రిడ్జ్ పిన్నులు పీకి, శాడిల్‌ని కటింగ్ ప్లేయర్‌తో మెల్లగా అటూ ఇటూ ఆడిస్తూ పైకి లాగాడు. వచ్చింది ప్లాస్టిక్ ముక్క. దాన్ని పక్కన పడేసి, అలాంటి ఒంపుతోనే ముందే చెక్కి ఉంచుకున్న ఎముక పట్టీ తీశాడు. దాని అడుగున పెన్సిలు గీత గీశాడు. అరగదీయడం ఎప్పుడూ అడుగునే. పైభాగానికి ఫ్రెట్‌బోర్డ్ గుండ్రానికి తగ్గ ఒంపు ఉంటుంది, రెండో తీగ ఆనే చోటు కాస్త వెనక్కి చెక్కి ఉంటుంది, ఆ చెక్కుడు పోతే శ్రుతి పోతుంది. మందపాటి గాజుపలక మీద అంటించిన గరుకు కాగితంపై ఎముకను ముందుకూ వెనక్కూ తోస్తుంటే తెల్లటి పొడి రాలింది, వెంట్రుకలు కాలిన వాసన వచ్చింది. పది పదిహేను తోపులకొకసారి ముక్కను మూలమట్టం పక్కన పెట్టి వెలుతురుకేసి పట్టుకుని చూశాడు. అడుగు ఏమాత్రం గుండ్రపడినా శాడిల్ గాడిలో పూర్తిగా ఆనదు, శబ్దం డొల్లబారుతుంది. బ్రిడ్జ్ కింద పికప్ ఉన్న గిటారైతే ఒక తీగ గట్టిగా, ఇంకో తీగ మెల్లగా వినిపిస్తుంది.

గీత దాకా రాకముందే ఆపేశాడు. తీగలు ఎక్కించి, శ్రుతి చేసి, టీ తెప్పించాడు. మెడ ఆ లాగుడికి మళ్ళీ సర్దుకోవడానికి కాస్త సమయం కావాలి. తర్వాత కొలిస్తే 2.6. మళ్ళీ విప్పి, మిగిలింది తీశాడు. తండ్రికి ఈ విప్పడం ఎక్కించడం విసుగనిపించి, “ఒకటేసారి తీసెయ్యరాదే” అన్నాడు. “తీసింది మళ్ళ అతుకదు గదా” అన్నాడాయన, తలెత్తకుండా.

ఫ్యాక్టరీవాళ్ళు ఈ పని ముందే ఎందుకు చేసి పంపరు? వాళ్ళ వైపు నుంచి చూస్తే కారణముంది. ఎత్తుగా పంపిన తీగను ఎవరైనా దించుకోవచ్చు, తక్కువగా పంపినదాన్ని ఎత్తాలంటే కొత్త శాడిల్ కావాలి. ఎత్తుంటే కొట్లో జీర వినిపించదు, జీర వినిపించిన గిటారును ఎవరూ కొనరు. పైగా నట్ గాళ్ళు ఒక్కొక్కటీ చేత్తో సరిచేయడానికి పట్టే సమయం చవక గిటారు ధరలో ఇమడదు. ఇవన్నీ ఒప్పుకుంటాను. అమ్మేటప్పుడు, “దీన్ని ఒకసారి సెటప్ చేయించుకోండి” అని ఒక్క మాట చెప్పకపోవడమే ఒప్పుకోలేను.

గడియారం తాళంతో

ఈ విప్పుడు, అరగదీత లేకుండా ఎత్తు మార్చగలిగితే ఎంత బాగుండు అనిపించడం కొత్తేమీ కాదు. వియన్నాలో జొహాన్ జార్జ్ స్టాఫర్ అనే వాద్యాల తయారీదారు 1820లలోనే దానికి ఉపాయం కనిపెట్టాడు. గిటారు మెడ పెట్టెకు కలిసేచోట ఒక మర పెట్టి, గడియారానికి కీ ఇచ్చే తాళంతో తిప్పితే మెడ కోణమే మారేలా చేశాడు. ఆయన దగ్గర పనిచేసిన క్రిస్టియన్ ఫ్రెడరిక్ మార్టిన్ 1833లో అమెరికా వెళ్ళి కంపెనీ పెట్టినప్పుడు, తొలి గిటార్లలో కొన్నింటికి ఈ తాళం మెడనే పెట్టాడు. కాలక్రమంలో ఆ కంపెనీ దాన్ని వదిలేసి మెడను జిగురుతో శాశ్వతంగా బిగించేసింది.

గిబ్సన్ ఇంకో దారి పట్టింది. 1950, 60లలో కొన్ని మోడళ్ళకు శాడిల్‌కే రెండు స్క్రూలు పెట్టి, స్క్రూడ్రైవర్‌తో ఎత్తు మార్చుకొమ్మంది. జాన్ లెనన్, జార్జ్ హారిసన్ 1962లో కొనుక్కున్న జె-160ఇ గిటార్లకు ఇలాంటి బ్రిడ్జే. వాడటానికి ఎంత సుఖమో శబ్దానికి అంత నష్టం: శాడిల్ చెక్కలో గట్టిగా ఆనకుండా స్క్రూల మీద నిలబడితే తీగ కంపనం పలకకు సరిగ్గా చేరదు. ఆనాటి గిటార్లు ఇప్పుడు కొనేవాళ్ళు ఆ స్క్రూలు పీకించి మామూలు శాడిల్ వేయించుకోవడం పరిపాటి. 1999లో టేలర్ కంపెనీ మెడను బోల్టులతో బిగించి, కోణం మార్చాలంటే మధ్యలో పల్చటి బిళ్ళలు మార్చే పద్ధతి తెచ్చింది. స్టాఫర్ ఆలోచన నూట డెబ్భై ఏళ్ళ తర్వాత ఇంకో వేషంలో వచ్చిందని అనుకోవచ్చు.

ఇంత చెప్పాక, ఎత్తు తీగలు కావాలని కోరి పెట్టుకున్న ఒక మహానుభావుడి గురించి చెప్పకపోతే కథ ఒంటివైపే ఉంటుంది. కౌంట్ బేసీ జాజ్ బృందంలో ఫ్రెడ్డీ గ్రీన్ 1937 నుంచి 1987లో చనిపోయేదాకా గిటారు వాయించాడు. పదిహేను మందికి పైగా ఉన్న ఆ బృందంలో ట్రంపెట్లు, శాక్సఫోన్లు, డ్రమ్స్ హోరెత్తిస్తుంటే, ఆంప్లిఫయర్ లేకుండా ఈయన గిటారు వినబడాలి. అందుకని లావు తీగలు వేసి, ఇంకొకరైతే కార్డ్ నొక్కడమే గగనమయ్యేంత ఎత్తు పెట్టాడు. ఎత్తున్న తీగను ఎంత గట్టిగా కొట్టినా ఫ్రెట్‌కి తగలదు, గొంతు పూడదు. కార్డులో ఒకటి రెండు స్వరాలనే ప్రధానంగా పలికించి, మిగతా తీగలను నొక్కీ నొక్కనట్టు వదిలేసేవాడు. యాభై ఏళ్ళు ఆ బృందం నడకను ఆ శబ్దమే పట్టి నిలిపింది.

దీనికి పూర్తిగా ఎదురు కొసన టోనీ రైస్. బ్లూగ్రాస్ సంగీతంలో అంతటి వేగంతో, అంతటి స్పష్టతతో వాయించినవాళ్ళు తక్కువ. ఆయన వాయించిన 1935 నాటి మార్టిన్ డి-28, అంతకుముందు ఇంకో గిటారిస్టు క్లారెన్స్ వైట్‌ది. దాని తీగలు మరీ కిందికి ఉండేవి. ఇంకొకరు మామూలు బలంతో కొడితే జీరే మిగులుతుంది. రైస్ కుడిచెయ్యి అంత తేలిక. ఇద్దరివీ గొప్ప చేతులే, ఒకరి గిటారు ఇంకొకరికి పనికిరాదు. ఇంతే ఉండాలని ఎవరైనా ఒకే అంకె చెబితే వాళ్ళు మీ చెయ్యి చూడలేదని అర్థం. 2.4 కూడా అంతే, మొదలుపెట్టడానికి ఒక చోటు.

వానాకాలం ఎత్తు, ఎండాకాలం ఎత్తు

ఒకసారి సరిచేయిస్తే జన్మంతా అలాగే ఉంటుందా అంటే ఉండదు. ఘనచెక్క పలక ఉన్న గిటారు గాలిలో తేమను పీల్చుకుంటుంది, విడుస్తుంది. సగం తేమ, అంటే 45 నుంచి 55 శాతం దానికి సుఖం. విశాఖలో వానాకాలం గాలి అంతకంటే చాలా తడిగా ఉంటుంది. పలక ఉబ్బి బ్రిడ్జ్‌ను పైకి తోస్తుంది, దానితో తీగలూ లేస్తాయి. అదే గిటారు హైదరాబాద్‌లో ఏప్రిల్ ఎండలకు, ఏసీ గదిలో పలక కుదించుకుని లోపలికి దిగుతుంది, తీగలు ఫ్రెట్లకు తగిలి జీర మొదలవుతుంది. మెడ చెక్క కుంచించుకుని ఫ్రెట్ల చివరలు పక్కలకు పొడుచుకువస్తాయి, చెయ్యి జార్చితే గీసుకుంటాయి. ఇక్కడి నుంచి షికాగోకి, మినియాపొలిస్‌కి గిటారు తీసుకెళ్ళేవాళ్ళకు ఇంకా గడ్డుకాలం జనవరి. హీటరు నడిచే ఇంట్లో తేమ 20 శాతానికి పడిపోతే పలక పగలడానికి పెద్ద సమయం పట్టదు. పెట్టె మూసి ఉంచి, లోపల తేమ ఇచ్చే చిన్న పరికరం పెట్టాలి. ప్లైవుడ్ పలక గిటార్లకు ఈ బాధ తక్కువ, అది వాటి మంచి గుణం. మే నెలలో ఎండలో ఆపిన కారు డిక్కీ మాత్రం ఏ గిటారుకూ తగదు. జిగురు మెత్తబడి బ్రిడ్జే పైకి లేస్తుంది.

అందుకే జీర వినబడగానే ఆకురాయి పట్టుకోకుండా, ఎక్కడ వస్తోందో వినాలి. తీగ వదిలి మీటితేనే వస్తే నట్ వైపు చూడాలి. మొదటి ఫ్రెట్లలోనే వస్తే మెడ మరీ నిటారైంది. పైఫ్రెట్లలో వస్తే శాడిల్ తక్కువైంది లేదా మెడ పెట్టెకు కలిసేచోట ఉబ్బింది. ఒక్క చోటే వస్తే ఏదో ఒక ఫ్రెట్ లేచింది. రెండు వారాల్లో దానంతటదే పోతే వాతావరణం.

ఇక దించలేనప్పుడు

కొన్ని గిటార్లకు శాడిల్‌ని అరగదీయడానికి ఏమీ మిగలదు. ఏళ్ళ తరబడి తీగల లాగుడికి మెడ మొదలే ముందుకు వాలిపోతుంది. పొడవాటి స్టీలు స్కేలు ఫ్రెట్ల మీద ఆనించి బ్రిడ్జ్ దాకా తోసి చూడండి. స్కేలు కొస బ్రిడ్జ్ చెక్క నెత్తిని తాకీ తాకనట్టు దాటితే మెడ కోణం బాగున్నట్టు. దాని కిందికి గుద్దుకుంటే, శాడిల్ అప్పటికే బ్రిడ్జ్‌కి సమానంగా అరిగిపోయి ఉంటే, మెడను విప్పి కోణం మార్చి మళ్ళీ బిగించాలి. జిగురు మెడలకు ఆవిరి పట్టించి చేసే ఈ పని ఖరీదు గిటార్లకే గిట్టుబాటు. పాత గిటారు కొనేవాళ్ళు ఈ స్కేలు పరీక్ష చేయకుండా డబ్బులివ్వకూడదు.

అలాంటి గిటారు మీ ఇంట్లోనే ఉంటే పారేయనక్కర్లేదు. తీగలు ఎంత ఎత్తుంటే అంత మంచిదైన వాయిద్యం ఒకటుంది, అదే గిటారును ఒళ్ళో పడుకోబెట్టి స్టీలు కడ్డీతో వాయించేది. గోటువాద్యం విన్నవాళ్ళకు ఆ జారుడు కొత్త కాదు. హవాయి నుంచి గిటారిస్టు టౌ మో 1929లో మన దేశానికి వచ్చాడు, 1940లలో కోల్‌కతాలో ఉన్నాడు. ఆ నగరంలో ఇలా పడుకోబెట్టి వాయించే హవాయియన్ గిటారు ఇంటింటి వాయిద్యమైంది. బ్రిజ్ భూషణ్ కాబ్రా దానిమీద హిందుస్థానీ రాగాలు పలికించి, 1967లో వచ్చిన ‘కాల్ ఆఫ్ ది వ్యాలీ’ రికార్డులో శివకుమార్ శర్మ, హరిప్రసాద్ చౌరాసియాలతో కలిసి వాయించాడు. తర్వాత విశ్వమోహన్ భట్ దాన్నే మార్చి మోహన వీణగా చేసుకుని 1994లో అమెరికన్ గిటారిస్టు రై కూడర్‌తో కలిసి గ్రామీ అందుకున్నాడు. కొనాల్సినవి రెండే: నట్ మీద తొడిగి తీగలను లేపే లోహపు ముక్క, చేతికి ఒక స్టీలు కడ్డీ. తీగలను ఓపెన్ డికి, అంటే వదిలి మీటితేనే డి కార్డ్ పలికేలా, శ్రుతి చేయండి, ఓపెన్ ఈ వద్దు. డిలో నాలుగు తీగలు మామూలుకన్నా వదులవుతాయి, ఏదీ బిగుసుకోదు కాబట్టి పాత మెడకు భారం తగ్గుతుంది.